గోడలో కాపురమున్న జ్వరం

విజయవాడ, జులై ఉదయం. వాన వెలిసింది గానీ ఉక్క తగ్గలేదు. పశువుల డాక్టరు గదిలో స్టీలు బల్ల మీద నాలుగేళ్ల జర్మన్ షెపర్డ్, పేరు రాకీ, నీరసంగా పడుకుని ఉంది. మీరు దాని తల వైపు నిలబడండి. అటు పక్క ఆ ఇంటావిడ, ఆవిడ కొడుకు ఉన్నారు.

"మూడ్రోజుల్నుంచి పెరుగన్నం కూడా ముట్టట్లేదు డాక్టరుగారూ. పొద్దున ముక్కులోంచి రక్తం వచ్చింది. ఎక్కడైనా గుద్దుకుందేమో అనుకున్నాం."

ముక్కు అంచున ఎండిన రక్తం మరక మీకూ కనిపిస్తోంది. థర్మామీటరు 104 చూపించింది. కుక్క ఒంటికి 101, 102 మామూలే, ఇది మాత్రం జ్వరమే. డాక్టరు పై పెదవి ఎత్తితే చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. మెల్లగా పక్కకు తిప్పి, బొచ్చు పల్చగా ఉన్న పొట్ట చూపించాడు. వంగి చూడండి: గుండుసూది మొనంత ఎర్రటి చుక్కలు. వేలితో నొక్కినా పోవు. అది చర్మం కిందికి చిమ్మిన రక్తం.

తర్వాత చెవి. మడత విప్పగానే ఆముదపు గింజలా ఉబ్బిన బూడిదరంగు పిడుదు. అబ్బాయి చెయ్యి చాచాడు.

"ఆగు బాబూ, వేళ్లతో నలపకూడదు." డాక్టరు చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా తిన్నగా లాగి స్పిరిట్ సీసాలో వేశాడు.

"ఎన్నిసార్లు తీసినా మళ్లీ వస్తున్నాయండీ ఈ గోమార్లు. కిరసనాయిలు కూడా రాశాం."

"అది రాయకండమ్మా. చర్మం పాడవుతుంది, నాకితే కడుపులోకి పోతుంది."

ముందుకాలి నరంలోంచి రక్తం తీశాక దూది అదిమి పట్టే పని మీదే. మామూలుగా అయితే కాసేపట్లో ఆగాలి. దూది మార్చినా ఎర్రబడుతూనే ఉంది. ఎందుకో కాసేపటికి వచ్చిన రిపోర్టు చెప్పింది. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. కుక్కకు కనీసం 2 లక్షల దాకా ఉండాలి, రాకీకి 32 వేలున్నాయి.

మైక్రోస్కోపు కింద స్లైడులో క్రిమి చిక్కలేదు. పిడుదు కాటుతో సోకి తెల్లకణాల్లో దాక్కునే ఎర్లికియా కానిస్ అనే బాక్టీరియా చాలాసార్లు అలా కనబడదు. ఎర్లికియా పరీక్ష కిట్ మీద మాత్రం గీత తేలింది. పాత జబ్బుకైనా ఆ గీత వస్తుంది, అందుకే డాక్టరు దాన్ని ఒక్కదాన్నే నమ్మలేదు. జ్వరం, చుక్కలు, ప్లేట్‌లెట్లు అన్నీ కలిపి చూసి ఎర్లికియా జబ్బేనని తేల్చాడు.

ఈ జబ్బును మొదట గుర్తించింది 1935లో, అల్జీరియాలో. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తన కుక్కలను 200కు పైగా ఈ జబ్బుకే పోగొట్టుకుంది. రాకీ జాతికి ఇది మరీ గట్టిగా తగులుతుంది.

"డాక్సీసైక్లిన్, 28 రోజులు. అన్నం పెట్టాకే మాత్ర వేయండి, వెంటనే నీళ్లు తాగించండి. రెండుమూడు రోజుల్లో లేచి తిరుగుతుంది. అప్పుడే ఆపేస్తారు చూడండీ, అక్కడే వస్తుంది చిక్కు."

క్రిమి పూర్తిగా పోకపోతే కుక్క పైకి బాగానే ఉంటుంది. నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో ఎముకల్లోని మూలుగ దెబ్బతిని రక్తకణాలన్నీ పడిపోతే, అప్పుడు మందులూ అంతగా పనిచేయవు.

ఇక వాళ్లింటికి రండి. వరండాలో రాకీ పడుకునే గోనెసంచి ఎత్తి, గోడ మీద పెచ్చులూడిన చోట టార్చి వేయండి. పగుళ్లలో, ద్వారబంధం సందులో, దేవుడి పటం వెనక కూడా పిడుదులే. రక్తం తాగిన ఆడది కుక్కను వదిలి, గోడెక్కి, వేలల్లో గుడ్లు పెడుతుంది. గుడ్ల నుంచి వచ్చిన ఆరుకాళ్ల పిల్లల్లో క్రిమి ఉండదు. జబ్బున్న కుక్క రక్తం తాగినప్పుడు ఎక్కించుకుని, కుబుసం విడిచాక మరో కాటుతో దాన్ని అంటిస్తాయి. తిండి లేకుండా నెలల తరబడి కాచుకునే ఓపిక వాటికుంది.

ఇన్నాళ్లూ కుక్క ఒళ్లు దువ్వారు తప్ప ఈ గోడ జోలికి ఎవరూ రాలేదు.

ఈ జబ్బుకు టీకా లేదు. ఇంట్లో కుక్క ఉంటే డాక్టరు చెప్పిన పిడుదుల మందు వేళకు వేయించండి. పగుళ్లు పూడ్పించండి. గోడలకు మందు పిచికారీ ఒక్కసారితో సరిపెట్టకండి, గుడ్ల నుంచి పిల్లలు వచ్చాక మళ్లీ కొట్టించాలి.