మైలాపూరు ఇంట్లో మొదలైన పాఠం

మద్రాసు మైలాపూరులో లజ్ ప్రాంతం. అక్కడ 'ఏకామ్ర నివాస్' అని ఒక పెద్ద ఇల్లు. యజమాని అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, నెల్లూరు జిల్లా పుదూరు గ్రామంలో పుట్టినవాడు. తండ్రి ఏకామ్ర శాస్త్రి అర్చకత్వం చేసుకుని బతికిన మనిషి; ఆ ఇంటికి పెట్టింది ఆయన పేరే. కొడుకు మాత్రం మద్రాసు అడ్వకేట్ జనరల్ స్థాయికి ఎదిగాడు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలోని ఏడుగురిలో ఒకడయ్యాడు. 1953లో కన్నుమూశాడు.

1950ల చివరికి ఆ ఇంట్లో చట్టం మాటలకు బదులు మెసాన్లు, కాస్మిక్ కిరణాలు, సంభావ్యతా సూత్రాలు వినిపించసాగాయి. కృష్ణస్వామి అయ్యర్ కొడుకు అల్లాడి రామకృష్ణన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ అధ్యాపకుడు. హోమీ భాభా దగ్గర పని నేర్చుకుని, మాంచెస్టర్‌లో బార్ట్‌లెట్ దగ్గర డాక్టరేట్ చేసి వచ్చాడు. ప్రిన్స్‌టన్‌లోని అడ్వాన్స్‌డ్ స్టడీ సంస్థలో ఒక ఏడాది గడిపి తిరిగొచ్చాక ఆయనకు ఒకటే ధ్యాస: అలాంటి చోటు మన దగ్గర ఎందుకు ఉండకూడదు? భవనం లేదు, నిధులు లేవు. ఇల్లుంది, విద్యార్థులున్నారు. దాంతో థియరెటికల్ ఫిజిక్స్ సెమినార్ ఇంట్లోనే మొదలైంది. మద్రాసు మీదుగా వెళ్లే శాస్త్రజ్ఞుడు ఎవరైనా సరే, రామకృష్ణన్ వదిలిపెట్టేవాడు కాదు. ఇంటికి భోజనానికి పిలవడం, భోజనంతో పాటు ఒక ఉపన్యాసం కూడా రాబట్టడం! అబ్దుస్ సలాం, ముర్రే గెల్‌మన్, రిచర్డ్ డాలిట్జ్ అలా వచ్చినవాళ్లే. సలాం, గెల్‌మన్ ఇద్దరికీ నోబెల్ ఆ తర్వాతి ముచ్చట.

1960 జనవరిలో వచ్చిన అతిథి నీల్స్ బోర్. క్వాంటం సిద్ధాంతానికి పునాది వేసిన పెద్దాయన మైలాపూరు ఇంట్లో కూర్చుని కుర్రాళ్లతో మాట్లాడి వెళ్లాడు. భారతదేశంలో తనను ఆకట్టుకున్నవేమిటో పత్రికలవాళ్లకు చెబుతూ ఆయన రెండే పేర్లు తీశాడు: బొంబాయిలో భాభా నిలబెట్టిన భారీ టాటా సంస్థ, మద్రాసులో రామకృష్ణన్ చుట్టూ చేరిన చిన్న బృందం. వందలమంది పనిచేసే ఆ సంస్థ పక్కన ఒక ఇంటి సెమినార్ పేరు! ఆ మాట ఢిల్లీ దాకా పాకింది.

అప్పటి మద్రాసు రాష్ట్ర విద్యామంత్రి సి. సుబ్రమణ్యం. హరిత విప్లవంతో ఆయన పేరు దేశమంతా తెలిసింది గాని, అంతకు ముందే మద్రాసులో పుట్టబోయే గణిత సంస్థ వెనక ఆయన చెయ్యి ఉంది. 1961 అక్టోబరులో ప్రధాని నెహ్రూ మద్రాసు వచ్చినప్పుడు రామకృష్ణన్‌నూ ఆయన విద్యార్థులనూ రాజ్‌భవన్‌లో నెహ్రూతో కలిపింది సుబ్రమణ్యమే. మూడు నెలలు తిరక్కముందే సంస్థ పుట్టింది. ఒక ప్రభుత్వ ఫైలు అంత వేగంగా కదిలిందంటే ఈనాటి పరిశోధకులు నమ్మడం కష్టమే.

1962 జనవరి 3. ప్రెసిడెన్సీ కాలేజీ ఇంగ్లిష్ లెక్చర్ హాలు. ఇనిస్టిట్యూట్ ఆఫ్ మ్యాథమేటికల్ సైన్సెస్, ముద్దుపేరు 'మ్యాట్‌సైన్స్', ప్రారంభమైంది. ప్రారంభించింది అదే కాలేజీలో చదువుకున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. నక్షత్రాలు కడకు ఏమవుతాయో లెక్కగట్టిన ఆయనకు నోబెల్ రావడానికి ఇంకా ఇరవై ఒక్క ఏళ్లు ఉన్నాయి. డైరెక్టర్ కుర్చీలో కూర్చున్న రామకృష్ణన్‌కు అప్పుడు 38 ఏళ్లు. ఆ రోజు ఆయన చేసిన ప్రసంగానికి పెట్టుకున్న పేరుకు తెలుగు 'అద్భుతం జరిగింది' అని.

పేరులో గణితం ఉన్నా తొలి రోజుల్లో అక్కడ భౌతికశాస్త్రానికే పెద్దపీట వేశారు. డైరెక్టర్ అభిరుచి అది. అయితే ఆ చిన్న బృందంలో ఆడపిల్లలు ఉండటం గమనించాల్సిన విషయం. టి.కె. రాధ అనే విద్యార్థిని 1965లో అడ్వాన్స్‌డ్ స్టడీ సంస్థ డైరెక్టర్ ఓపెన్‌హైమర్ పిలుపు మీద ప్రిన్స్‌టన్ వెళ్లింది.

సంఖ్యా సిద్ధాంతం ఈ కథలోకి వచ్చింది ఇంటి దారినే. రామకృష్ణన్ కొడుక్కి తాత పేరే పెట్టారు: కృష్ణస్వామి. మన దగ్గర అల్లాడి కృష్ణస్వామి. అమెరికా వెళ్లాక ఇంటిపేరు వెనక్కి జరిగి కృష్ణస్వామి అల్లాడి అయింది. మద్రాసులో డిగ్రీ చదువుతుండగానే ఈ కుర్రాడు ఒక చిన్న ఆట పట్టుకున్నాడు. ఏదైనా సంఖ్యను ప్రధాన సంఖ్యలుగా విడగొట్టి, వాటిని కూడాలి. 60 తీసుకుంటే రెండు, రెండు, మూడు, అయిదు, మొత్తం 12. పక్కనున్న 61 ప్రధాన సంఖ్య, కాబట్టి దాని విలువ 61 దగ్గరే ఆగుతుంది. ఒకదానికి 12, పక్కదానికి 61. ఇలా ఎగిరిపడే విలువలకు సగటున ఏదైనా క్రమం ఉందా? ఈ ప్రశ్నను ఆ కుర్రాడు హంగేరీ గణితవేత్త పాల్ ఎర్డోష్‌కు ఉత్తరంగా రాశాడు. సొంతిల్లు లేకుండా ఒక సూట్‌కేసుతో దేశాలు తిరిగే ఎర్డోష్, కలకత్తా నుంచి ఆస్ట్రేలియా వెళ్లాల్సిన ప్రయాణాన్ని మార్చుకుని 1975లో మద్రాసులో దిగాడు. ఒక డిగ్రీ విద్యార్థిని కలవడానికి! ఆ కలయికలోంచి వచ్చిన ఉమ్మడి వ్యాసం 1977లో అచ్చయింది. కృష్ణస్వామి అల్లాడి ఆ తర్వాత ఫ్లారిడా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు, 'రామానుజన్ జర్నల్' స్థాపించాడు.

రామకృష్ణన్ ఇరవై ఒక్క ఏళ్లు డైరెక్టర్‌గా ఉండి 1983లో దిగిపోయాడు. సంస్థ అప్పటికి తరమణిలో స్థిరపడింది. కేంద్ర అణుశక్తి విభాగం అండ చేరింది. 1984లో భౌతికశాస్త్రవేత్త ఇ.సి.జి. సుదర్శన్ డైరెక్టర్‌గా వచ్చాక సంస్థ నిజంగా పెద్దదైంది. శుద్ధ గణితం, కంప్యూటర్ సైన్స్ సిద్ధాంత విభాగం బలపడ్డాయి. అదే ఏడాది టాటా సంస్థ నుంచి గణితవేత్త సి.ఎస్. శేషాద్రి వచ్చి చేరాడు. అయిదేళ్లకు ఆయన బయటికి వెళ్లి మరో గణిత పాఠశాల పెట్టాడు. నేటి చెన్నై మ్యాథమేటికల్ ఇనిస్టిట్యూట్ దాని ఎదుగుదలే. ఇలా విడిపోవడం ఆనాటి నిర్వాహకులకు ఎలా అనిపించిందో గాని, నగరానికి మాత్రం రెండు గణిత సంస్థలు దక్కాయి.

ఇక్కడ ఈ సంస్థతో ముడిపడిన ఒక లెక్క దగ్గర ఆగాలి. 79 అనే సంఖ్యను నాలుగో ఘాతాల మొత్తంగా రాయాలి. ఒకటి నాలుగో ఘాతం 1, రెండిది 16, మూడిది 81. 81 పనికిరాదు, ఎక్కువైపోయింది. కాబట్టి నాలుగు 16లు, అంటే 64; మిగిలిన 15కు పదిహేను 1లు. మొత్తం 19 ముక్కలు. ఇంతకన్నా తక్కువలో పని జరగదు. మరి ఎంత పెద్ద సంఖ్యకైనా 19 చాలా? వేరింగ్ అనే గణితవేత్త 1770లో అడిగిన ప్రశ్నలో ఇదొక భాగం. ఘనాలకు 9 చాలని ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తేలింది. ఆరో ఘాతాలకు 73 చాలని 1940లో నిరూపించినవాడు మన దక్షిణాది గణితవేత్త ఎస్.ఎస్. పిళ్లై. నాలుగో ఘాతం మాత్రం మొండికేసింది. 1986లో దాన్ని లొంగదీసిన ముగ్గురిలో ఇద్దరు ఫ్రెంచివాళ్లు, దెజూయే, ద్రెస్, మూడోవాడు ఆర్. బాలసుబ్రమణ్యం. జవాబు 19. బాలసుబ్రమణ్యం ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నాడు.

పరిశోధనా సంస్థకు బడిపిల్లల లెక్కలతో పనేమిటని ఎవరైనా అడగొచ్చు. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 తయారైనప్పుడు గణిత బోధన మీద నియమించిన బృందానికి అధ్యక్షుడు ఈ సంస్థలోని కంప్యూటర్ శాస్త్రవేత్త ఆర్. రామానుజం. నివేదిక మొహమాటం లేకుండా మాట్లాడింది. లెక్కలంటే పిల్లలకు భయం, వెనకబడ్డవాళ్లకు అవమానం, చురుకైనవాళ్లకేమో సవాలే లేదు, పరీక్షలు మొరటువి, ఉపాధ్యాయులకు తగిన తయారీ లేదు. సూత్రాలు బట్టీ పట్టించడం కాక పిల్ల ఆలోచననే గణితపరం చేయడం లక్ష్యం కావాలంది. చురుకైన ఇద్దరు ముగ్గురి కోసం బడి నడపడం రివాజైన చోట ఈ మాట అక్కరకొచ్చేదే.

రామకృష్ణన్ 2008 జూన్‌లో ఫ్లారిడాలోని గేన్స్‌విల్‌లో కన్నుమూశాడు. తరమణిలోని ఒక సభామందిరానికి ఇప్పుడు ఆయన పేరుంది. 2022 నాటికి సంస్థకు అరవై ఏళ్లు నిండాయి. రామానుజం బృందం మాటలు కలిసిన 2005 చట్రాన్ని ఆధారం చేసుకునే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో తన పాఠ్యప్రణాళికను తిరగరాసింది. ఏకామ్ర శాస్త్రి అర్చకత్వం చేసిన నెల్లూరు జిల్లాలో సర్కారు బడి పిల్లల చేతికి ఆ తర్వాత వచ్చిన లెక్కల పుస్తకాలు దాని ప్రకారం రాసినవే.