వారసుడెవరు?
ముసల్మాను రాజవంశముల వారసత్వ మర్యాదయు, పలనాటి సీమయు

పలనాటి బిడ్డకు దాయాదుల తగవనగా నేమో వేరుగా బోధింప నక్కరలేదు. అనుగురాజు గతించిన పిదప సవతితల్లుల బిడ్డలైన నలగామరాజు మలిదేవరాజుల నడుమ రాజ్యము గురజాల యనియు మాచెర్ల యనియు చీలుటయు, నాగమ్మయు బ్రహ్మనాయడును చెరియొక పక్షమున నిలుచుటయు, కోడిపందెము, అరణ్యవాసము, తుదకు కారెంపూడి రణరంగము, ఇవన్నియు వీరగాథగా ఊరూర వినబడుచునే యున్నవి. కార్తికమాసమున కారెంపూడిలో నేటికిని వీరుల యారాధన జరుగుచున్నది. అయితే ఈ సీమ తలవ్రాతను మార్చిన దాయాదుల తగవు అది యొక్కటియే కాదు. సుమారు ఆరువందల యేండ్లకు పిమ్మట హైదరాబాదునను ఆర్కాటునను రెండు ముసల్మాను రాజవంశములలో పుట్టిన వారసత్వ వివాదములలో ఒకటి నరసరావుపేట ప్రాంతమును, మరియొకటి గురజాల మాచెర్ల ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీ చేతిలో పెట్టినవి. ఈ కథను పాడు గాయకులు లేరు. ఇది దస్తరములలో నున్నది.

ముందుగా శాస్త్రము మాట. ఆస్తి విషయమున ముసల్మానుల దాయభాగము మిక్కిలి స్పష్టమైనది. మృతునకు సంతాన మున్నయెడల భార్యకు ఎనిమిదవ వంతు, తల్లికి ఆరవ వంతు. అట్టి నిర్ణీత భాగములు పోగా మిగిలినదానిలో కుమారులకు సమభాగములు, కుమార్తెకు కుమారుని భాగములో సగము. జ్యేష్ఠుడైనంత మాత్రమున ఎవ్వనికిని గవ్వయైన నెక్కువ రాదు. ఇంత సూక్ష్మముగా లెక్క కట్టిన శాస్త్రము సింహాసనమును గూర్చి మాత్రము అట్టి లెక్క నేదియు చెప్పలేదు. ఏలయన రాజ్యాధికారము పంచుకొనదగిన సొత్తు కాదు. 632లో మహమ్మదు ప్రవక్త పరమపదించినపుడు పెద్దలు కూడి అబూబకరును ఖలీఫాగా నెన్నుకొనిరి. ఆయన తన తరువాత ఉమరును తానే పేర్కొనిపోయెను. ఉమరు ఆ భారమును ఆరుగురు పెద్దల కప్పగింపగా, వారు ఉస్మానును నిలిపిరి. మొదటి మూడు మారులకే మూడు పద్ధతు లాయెను! ప్రవక్త అల్లుడైన అలీకే మొదటినుండియు హక్కు కలదని షియాల విశ్వాసము. పిమ్మట ముఆవియా తన కుమారుడగు యజీదును వారసునిగా నిలుపుటతో అధికారము వంశపారంపర్యమయ్యెను. కాని ఆ వంశములో ఎవ్వరికి చెందవలెనను నియమము మాత్ర మేర్పడలేదు.

అందుచేత ఆచారమే శాసనమయ్యెను. రాజు తాను బ్రదికియుండగనే ఒకనిని ‘వలీ అహద్’, అనగా యువరాజుగా, ప్రకటించుట. అమీరులును సేనానులును ఆతనికి విధేయతా ప్రమాణము చేయుట. శుక్రవారపు నమాజులో ఖుత్బా ఆతని పేర చదువబడుట. నాణెములపై ఆతని పేరు ముద్రింపబడుట. ఇవి సమకూరినవాడే రాజు. కుమారుడైనను, తమ్ముడైనను, అన్నకొడుకైనను అర్హుడే. అర్హులు పలువురైనచోట కత్తి తీర్పు చెప్పును. తురుష్క దేశమున 1595లో మూడవ మహమ్మదు సుల్తాను పట్టాభిషిక్తుడైనపుడు తన సోదరులు 19 మందిని చంపించెను. 1617 తరువాతనే అచ్చట వంశములో వయోవృద్ధుడైన పురుషునకు రాజ్యము చెందు మర్యాద క్రమముగా కుదురుకొన్నది. సౌదీ అరేబియాలో 1953లో ఇబ్న్ సౌదు గతించిన పిదప ఆయన కుమారు లారుగురు ఒకరి తరువాత నొకరు రాజులైరి. ఆరవవాడగు సల్మాను 2017లో తన కుమారునే యువరాజును చేసి ఆ సోదరుల వరుసను ముగించెను.

ఇది ముసల్మానుల దోషమని చెప్పువారు భారతమును మరచినవారు. యయాతి పెద్దకుమారులను కాదని కడగొట్టువాడైన పూరునకు రాజ్య మిచ్చెను. ధృతరాష్ట్రుడు పెద్దవాడయ్యు అంధుడగుటచే పాండునకు రాజ్యము దక్కెను; కురుక్షేత్రమునకు విత్తనమదే. ఇచ్చట నొక వింత చెప్పదగియున్నది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము ప్రకారము ఊరి కరణీకమునకు జ్యేష్ఠానుక్రమమే నియమము: పెద్దకొడుకు, వానికి పెద్దకొడుకు. 1960లో సుప్రీముకోర్టు ఈ గుంటూరుసీమ వ్యాజ్యమునందే గ్రామోద్యోగములలో వంశపు హక్కు చెల్లదని తీర్పు చెప్పువరకు ఆ నియమము సాగినది. 1984లో ఆ యుద్యోగములే రద్దయినవి. ఊరి కరణమునకున్న పాటి స్పష్టత గోలకొండ సుల్తానునకు గాని, దక్కను సుబేదారునకు గాని లేకపోయెను.

గోలకొండ వంశకర్తయైన సుల్తాన్ కులీ వృద్ధాప్యమున, 1543లో, ప్రార్థనాసమయమున హతుడయ్యెను. చేయించినది కుమారుడగు జంషీదు. యువరాజుగా నుండిన అన్న కుతుబుద్దీనును అతడు కన్నులు తీయించెను. అంధుడు రాజ్యమునకు తగడను మాట హస్తినాపురమునకే పరిమితము కాదు. తమ్ముడగు ఇబ్రహీము ప్రాణములు దక్కించుకొని విజయనగరమునకు పారిపోయి అళియ రామరాయల యాశ్రయమున ఏడేండ్లు గడపెను. 1550లో జంషీదు మరణింపగా అతని పసికుమారుడు సుభాను కొన్నాళ్లు పేరునకు రాజయ్యెను. అంత అమీరులు ఇబ్రహీమును పిలిపించి సింహాసనమెక్కించిరి. మన కవులు మల్కిభరాముడని కీర్తించిన ప్రభువితడే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఈయనకే యంకితము చేసెను. ప్రవాసకాలమున పొందిన తెలుగు సహవాసము ఆ విధముగా ఫలించెనని తలంచుట తప్పు కానేరదు. అన్నమిడి రక్షించిన రామరాయలపై 1565లో తక్కిన సుల్తానులతో కూడి కత్తి దూసినవాడును ఆ ఇబ్రహీమే, రాజనీతి యట్టిది. ఈయన కాలముననే, 1579లో, కొండవీడు గోలకొండ వశమై ముర్తజానగర మనిపించుకొన్నది.

కుతుబ్‌షాహీలలో స్త్రీ సింహాసన మెక్కలేదు గాని సింహాసనము స్త్రీలగుండా నడిచినది. మహమ్మదు కులీకి కుమారులు లేరు. ఏకైక పుత్రిక హయాత్ బక్షీ బేగమును అన్నదమ్ముల బిడ్డయగు సుల్తాను మహమ్మదున కిచ్చి, 1612లో అతనికి రాజ్యము సంక్రమింపజేసిరి. 1626లో ఆమె కుమారుడు అబ్దుల్లా బాలుడుగా గద్దెనెక్కినపుడు రాచకార్యములందు పెత్తనము తల్లిదే. అబ్దుల్లాకును కుమార్తెలే. 1672లో ఆయన మరణింపగా అల్లుండ్ర నడుమ తగవు పుట్టెను. మాదన్న మొదలగువారి తోడ్పాటుతో కడపటి యల్లుడు అబుల్ హసను, అనగా తానీషా, నెగ్గెను. 1687లో ఔరంగజేబు కోట పట్టుకొనుటతో ఆ వంశము ముగిసెను.

ఇక హైదరాబాదు. అసఫ్‌జాహీ మూలపురుషుడగు నిజాముల్ముల్కు పేరునకు ఢిల్లీ చక్రవర్తి నియమించిన దక్కను సుబేదారు, అనగా ఉద్యోగి. 1724 తరువాత వాస్తవమున స్వతంత్రుడు. ఉద్యోగమైనచో ఢిల్లీ ఫర్మానా కావలెను. రాజ్యమైనచో రక్తసంబంధము చాలును. ఈ రెంటిలో ఏది ప్రమాణమో తేలకుండగనే ఆయన 1748 జూను 1న బురహానుపురమున కన్నుమూసెను. పెద్దకుమారుడు గాజీయుద్దీను ఢిల్లీలో నుండెను. రెండవవాడు నాసర్‌జంగు తండ్రి శిబిరముననే యుండుటచే ఖజానాను సైన్యమును చేజిక్కించుకొనెను. 1741లో తండ్రిపై తిరుగబడి ఓడి క్షమింపబడినవా డితడే. కూతురి కొడుకు ముజఫర్‌జంగు, చక్రవర్తి తనకే అధికార మొసగెనని లేచెను. సలాబత్‌జంగు, నిజామలీ, బసాలత్‌జంగు మొదలగు తమ్ములు మిగిలిరి. పుదుచ్చేరి ఫ్రెంచివారు ముజఫరు పక్షము వహించిరి. చెన్నపట్టణపు ఇంగ్లీషువారు నాసరు పక్షము వహించిరి. బేరము మొదలయ్యెను.

1750 డిసెంబరులో జింజీ సమీపమున నాసర్‌జంగు తన వెంటనున్న పఠాను నవాబుల ద్రోహముచే హతుడయ్యెను. ముజఫర్‌జంగు సుబేదారుగా ప్రకటింపబడెను. రెండు నెలలకే, 1751 ఫిబ్రవరిలో, రాయచోటి ప్రాంతమున ఆ పఠాను నవాబులతోడనే పోరాడి అతడును కూలెను. అతనికి పసికుమారుడుండినను, ఫ్రెంచి సేనాని బుస్సీ శిబిరములో బందీగా నుండిన సలాబత్‌జంగును బయటికి తెచ్చి గద్దెపై కూర్చుండబెట్టెను. వారసుని ఎన్నుకొన్నది శాస్త్రమును కాదు, అమీరులును కాదు, పరదేశపు సేనాని. ఆ ఋణమునకు వడ్డీగా 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులు ఫ్రెంచి సైన్యపు జీతములక్రింద వ్రాయబడెను. 1752లో తన జ్యేష్ఠహక్కు కోరి ఔరంగాబాదునకు వచ్చిన గాజీయుద్దీను అచ్చటనే మృతుడయ్యెను, విషప్రయోగమని ప్రతీతి. తరువాత నిజామలీ అన్నయగు సలాబత్‌జంగును తొలగించి బీదరులో బంధించి 1762 మొదలు 1803 వరకు తానే పాలించెను.

మిగిలిన తమ్ముడు బసాలత్‌జంగు. ఇతనికి సింహాసనము దక్కలేదు. ఊరకుంచుటయు క్షేమము కాదు. కనుక ఆదవానితోపాటు గుంటూరు సర్కారు ఇతనికి జాగీరయ్యెను. మల్రాజువారి నరసరావుపేట ఆ సర్కారులోనిదే. 1766 నవంబరు 12న నిజామలీ సర్కారులను ఇంగ్లీషువారి కిచ్చు ఒడంబడికలో, గుంటూరు మాత్రము బసాలత్‌జంగు జీవించియున్నంతకాలము ఆయన క్రిందనే యుండవలెనని షరతు వ్రాసిరి. ఒక దాయాది ఆయుర్దాయము ఒక సీమకంతకు గడువయ్యెను! గడువువరకు నిలువలేక 1779లో చెన్నపట్టణపు గవర్నరు రంబోల్డు బసాలత్‌జంగుతో వేరుగా నొప్పందము చేసికొని గుంటూరును పుచ్చుకొని, ఆర్కాటు నవాబునకు కౌలున కిచ్చెను. నిజామలీ మండిపడి, హైదరలీతోను మహారాష్ట్రులతోను చేయికలిపెను. భయపడి కలకత్తావారు గుంటూరును తిరిగి ఇప్పించిరి. 1782లో బసాలత్‌జంగు మరణించెను. అయినను నిజామలీ విడువక జాగుచేసి, తుదకు 1788లో గుంటూరు సర్కారును కంపెనీ పరము గావించెను.

నరసరావుపేట ఆ విధముగా చేతులు మారినపుడు గురజాల మాచెర్లలు మారలేదు. అవి నిజామువి కావు. అసలు పలనాడు ఆర్కాటు నవాబు క్రిందనుండెను. అచ్చటను తగవు 1748 నాటి మంటలోనిదే. 1749లో ఆంబూరు యుద్ధమున అన్వరుద్దీను నవాబు కూలగా, అతని కుమారుడు మహమ్మదలీకిని చందాసాహేబునకును పోరు జరిగెను. ఇంగ్లీషువారి తుపాకులతో మహమ్మదలీ గెలిచెను. గెలుచుటకైన ఖర్చు అప్పై, ఆ యప్పు ఆయన 1795లో మరణించునంతవరకు పెరుగుచునే పోయెను. కుమారుడు ఉమ్దతుల్ ఉమరా 1801 జూలై 15న గతించుచు తన బిడ్డయగు అలీ హుసేనును వారసునిగా వ్రాసిపోయెను. కంపెనీవారు ఆ యువకుని పిలిచి, రాజ్యపాలనమును తమకప్పగించి భరణము పుచ్చుకొమ్మనిరి. అతడు ఒల్లననెను. వెంటనే వారు మృతుని తమ్మునికొడుకు అజీముద్దౌలాను వెదకి పట్టుకొనిరి. అతడు జూలై 31న సంతకము చేసి నవాబయ్యెను. పదునారు దినములలో పని ముగిసెను. ఆ సంతకముతో నెల్లూరు, ఒంగోలు సీమలతోపాటు పలనాడును కంపెనీదయ్యెను. సంతకము చేయనని నిలిచిన అలీ హుసేను మరుసటి యేడే మరణించెను. అతని పేరు పలనాటిలో నెవ్వరెరుగుదురు?

తండ్రి వ్రాసిన మరణశాసనము, కుమారుని రక్తసంబంధము రెండును అలీ హుసేనునకే యుండెను. తమ్మునికొడుకు అనర్హుడని త్రోసివేయు కట్టుదిట్టమైన నియమ మొకటి యుండినచో, కంపెనీ ప్రభువులు అంత సులువుగా తమకనుకూలుని గద్దెనెక్కింపగలిగి యుందురా? బలవంతునకు నెపము కరువా యని యనవచ్చును. నిజమే; అయినను నెపము దొరకనిచోట బలవంతుడు తన బలమును బాహాటముగా చూపవలసివచ్చును. 1801లో ఆ యవసరము కూడ వారికి కలుగలేదు. 1855లో సంతానము లేని చివరి నవాబు గతింపగా ఆ నవాబుగిరీయే ఎత్తివేయబడి, పిమ్మట పినతండ్రికి ‘ఆర్కాటు ప్రభువు’ అను బిరుదు మాత్రము మిగిలెను.

హైదరాబాదున నిజామలీ తరువాత తగవులు సద్దుమణిగెను. 1803లో సికందర్‌జా, 1829లో నాసిరుద్దౌలా, 1857లో అఫ్జలుద్దౌలా వరుసగా వచ్చిరి. తగవు మాన్పినది ధర్మము కాదు; రెసిడెన్సీ. 1862లో ఇంగ్లీషు ప్రభుత్వము, ఔరసులు లేనియెడల ముసల్మాను ధర్మశాస్త్రానుసారమైన వారసత్వమును మన్నింతుమని సనదు లిచ్చినది. శాస్త్రము చెప్పని దానిని శాస్త్రానుసారమనుటలో మరల నిర్ణయము తమ చేతిలోనే యుంచుకొన్నది. 1869లో మూడేండ్లు నిండని మహబూబలీఖాను గద్దెనెక్కినపుడు సాలార్‌జంగు మున్నగువారు రాజ్యము నడపిరి. 1911లో ఉస్మానలీఖాను వచ్చెను. 1948 సెప్టెంబరులో రాజ్యము భారతదేశములో కలిసెను.

రాజ్యము పోయిన పిదప కూడ వారసత్వపు చిక్కు పోలేదు. ఉస్మానలీఖాను 1954లో కుమారు లిరువురిని కాదని మనుమడు ముకర్రంజాను వారసునిగా పేర్కొనెను. ఆస్తి శాస్త్రము ప్రకారము కుమారులు బ్రదికియుండగా మనుమనికి భాగమే లేదు. బిరుదు మాత్రము తండ్రిని దాటి మనుమని చేరెను. 1967 ఫిబ్రవరి 24న నిజాము మరణింపగా భారత ప్రభుత్వము ముకర్రంజానే గుర్తించెను. 1971లో రాజ్యాంగ సవరణతో రాజభరణములును గుర్తింపును రద్దయినవి. 2023 జనవరి 14న ఇస్తాంబులులో మరణించిన ఆయన భౌతికకాయమును హైదరాబాదునకు తెచ్చి మక్కామసీదులో పూర్వుల చెంత సమాధి చేసిరి. ఆ సంవత్సరముననే, భూమి లేదు, ఖజానా లేదు, సైన్యము లేదు, ఖుత్బాలో పేరు లేదు. అయినను తొమ్మిదవ నిజాము ఎవరను విషయమున ఆ కుటుంబములో రెండు పక్షము లేర్పడెను.