వేట గుండు కొలతలలోని చరిత్ర

తుపాకులనుగూర్చి వ్రాసినవారు చాలమంది కలరు. గుండునుగూర్చి వ్రాసినవారు తక్కువ. తుపాకి గోడకు వ్రేలాడును, తండ్రినుండి కొడుకునకు వచ్చును, దానిమీద చేసినవారి పేరు చెక్కియుండును. గుండునకు పేరు లేదు. ఒకమారు పేలినచో మరల కంటబడదు. అయినను బ్రిటనులోను, అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను నూరేండ్లనాటి వేట గుండ్లను వెదకి, తూచి, కొలిచి పెట్టెలలో భద్రపరచుకొనువారు నేటికిని ఉన్నారు. కొందరు చూచి సంతోషించుటకు దాచుదురు. కొందరు ఆ గుండ్లతో తామే తూటాలు నింపుకొని పాత తుపాకులలో కాల్చుదురు. ఈ అలవాటు కేవలము వేడుకవలన పుట్టినది కాదు. దాని వెనుక మన దేశముతో ముడివడిన ఒక ప్రభుత్వపు భయము కలదు. ఆ కథనే మేమిక్కడ చెప్పదలచినాము.

ముందుగా రెండు మాటలకు అర్థము చెప్పుకొందము. తూటా వేరు, గుండు వేరు. తూటాలో నాలుగు భాగములున్నవి: ఇత్తడి గొట్టము, దాని అడుగున దెబ్బ తగులగానే నిప్పు పుట్టించు ప్రైమరు అను చిన్న టోపి, లోపలి మందు, మూతివద్ద బిగించిన గుండు. తుపాకి కాల్చినపుడు మందు కాలిపోవును, టోపి చెడును, గుండు వెడలిపోవును. ఇత్తడి గొట్టము మాత్రము మిగులును. ఆ గొట్టమునకు క్రొత్త టోపిని, మందును, గుండును అమర్చి మరల తూటాగా చేయుటయే చేతినింపు. ఇది క్రొత్త విద్య కాదు. మందు దట్టించి, సీసము కరగించి, అచ్చులో గుండు పోసికొనుట నాటు తుపాకి పట్టిన ప్రతివానికిని తెలిసిన పనియే. కర్మాగారములలో తూటాలు తయారగుట మొదలైన పిమ్మటనే వేటగాడు తన గుండును తాను చేసికొనుట మానినాడు.

పందొమ్మిదవ శతాబ్దములో గుండు రూపు త్వరత్వరగా మారినది. 1849లో ఫ్రెంచి సైనికాధికారి మీనియే, అడుగు భాగమున గుల్లగానుండు కోలగుండును ప్రచారములోనికి తెచ్చినాడు. అది పేలినపుడు అడుగు వ్యాకోచించి తుపాకి గొట్టములోని మెలిక గాడులను గట్టిగా పట్టుకొనెడిది. 1871లో బ్రిటిషు సైన్యము మార్టిని-హెన్రీ అను తుపాకిని స్వీకరించినది. దాని బోరు .450, అనగా అంగుళమును వెయ్యి భాగములు చేసినచో 450 భాగములు. దాని గుండు 480 గ్రెయిన్ల సీసము. మన లెక్కలో 31 గ్రాములు. 1884లో పాల్ వియెయ్ పొగలేని మందును కనిపెట్టుటతో వేగము పెరిగినది. ఆ వేగమునకు ఒట్టి సీసము తాళలేక గాడులలో చీరుకొనిపోవును. స్విట్జర్లాండు దేశీయుడైన రూబిన్ 1882లోనే సీసపు గుండునకు రాగి తొడుగు వేసి చూపియుండుటచే ఆ చిక్కు తీరినది. 1889లో ఏబెల్, డ్యూవర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు కార్డైటు అను పొగలేని మందును సిద్ధపరచినారు. అది పొడిగా గాక సేమ్యావంటి పుల్లలుగా ఉండును.

తొడుగుతో క్రొత్త ప్రశ్న పుట్టినది. తొడుగు గుండును పూర్తిగా కప్పినచో అది రూపు చెడక లోతుగా దిగును. ముక్కువద్ద సీసము కొంచెము బయటికి విడిచినచో దేహమునకు తగులగానే విప్పారి పెద్ద గాయము చేయును. ఏనుగు పుర్రె ఎముకను ఛేదించుటకు మొదటిది, పులికి, దుప్పికి రెండవది అని వేటగాండ్రు నిర్ణయించుకొన్నారు. కాని ఇది జంతువులతో ఆగలేదు. 1895లో చిత్రాల్ దండయాత్రలో తమ .303 గుండ్లు శత్రువులను నిలువరింపలేదని సైనికులు ఫిర్యాదు చేయగా, కలకత్తా సమీపమునందలి డమ్ డమ్ ఆయుధశాలలో కెప్టెన్ బర్టీ-క్లే ముక్కు విడిచిన గుండును తయారుచేయించినాడు. ఆ ఊరి పేరు లోకమంతటను గుండు పేరై నిలిచినది. 1899లో హేగ్ నగరమున సమావేశమైన దేశములు యుద్ధములో విప్పారు గుండ్లు వాడరాదని ప్రకటన చేసినవి. బ్రిటను దానికి 1907లో మాత్రమే సమ్మతించినది. అప్పటినుండి ముక్కు విడిచిన గుండు మనిషికి నిషిద్ధము, మృగమునకు విహితము అయినది.

ఇక అసలు కథ. 1898లో రిగ్బీ అను తుపాకుల సంస్థ కార్డైటు మందుతో .450 బోరు వేట తుపాకిని తెచ్చినది. గుండు బరువు 480 గ్రెయిన్లే. మార్టిని గుండు బరువే దానికిని వచ్చినది. వేగము మాత్రము చాల హెచ్చు. ఏనుగును, అడవిదున్నను నిలువరింపగల ఈ తూటా భారతదేశములోను, ఆఫ్రికాలోను వెంటనే పేరు పొందినది. అయితే ఆ నాటికి మార్టిని-హెన్రీ తుపాకులు బ్రిటిషువారి చేతిలోనే నిలిచియుండలేదు. వాయవ్య సరిహద్దు తెగలవద్దకు, సూడానుకు అవి వేలకొలది చేరియుండెను. తుపాకి చేరినది గాని, తూటాలు కొదువ. వేటగాని సంచిలోని .450 తూటాను విప్పి, ఆ గుండును, మందును మార్టిని గొట్టములో నింపుకొన్నచో? ఈ ఊహయే ప్రభుత్వమును కలవరపెట్టినది. 1907 నాటికి .450 బోరు వేట తుపాకులను, తూటాలను భారతదేశములోనికిని, సూడానులోనికిని రానీయరాదని కట్టడి జరిగినది. సంపన్నులైన వేటగాండ్ర తుపాకిని కాదు ప్రభుత్వము భయపడినది; చేతినింపు తెలిసిన పేదవాని నేర్పునకు భయపడినది.

తుపాకులు చేయువారికి భారతదేశము పెద్ద అంగడి. దానిని వదులుకొనుటకు వారు సిద్ధముగా లేరు. కాబట్టి .450కి కొంచెము హెచ్చుగా, మార్టినికి ఏ విధముగను పనికిరాని కొలతలతో క్రొత్త బోరులు కల్పించినారు. హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1907లో .465ను తెచ్చినది. జోసెఫ్ లాంగ్ పేర వచ్చిన .470 అన్నిటికంటె ప్రసిద్ధి చెందినది. వెస్ట్‌లీ రిచర్డ్స్ వారిది .476. జెఫరీ వారిది .475 నంబరు 2. పేర్లు చూచి ఇవి దగ్గర చుట్టములనుకొనరాదు. .465 గుండు నిజమైన వెడల్పు .468 అంగుళము, .470ది .474, .476ది ఆ పేరే, జెఫరీ వారిది .488. ఒకదాని గుండు మరొకదానికి పనికిరాదు. కాగితము దళసరియంత తేడా కోసము నాలుగు సంస్థలు నాలుగు వేరు దారులు త్రొక్కినవి. వెడల్పు తక్కువగుటచే .400 బోరునకు ఈ అడ్డంకి లేదు; కుమావూను కొండలలో జిమ్ కార్బెట్ వాడిన జెఫరీ తుపాకి అట్టిదే.

ఇన్ని బోరులకును తూటాలు సరఫరా చేయు భారము ముఖ్యముగా బర్మింగ్‌హామ్ నగరమునందలి కైనాక్ కర్మాగారముమీద పడినది. వేడి దేశములలో కార్డైటు ఒత్తిడి పెరుగుటవలన ఇత్తడి గొట్టములు ఇరుకుకొనిపోవుచుండగా, ఆ సంస్థ ఉష్ణదేశములకు మందు తగ్గించిన తూటాలు వేరుగా చేసి పంపెడిది. రెండు గొట్టముల తుపాకులు మరింత సుకుమారమైనవి. రెండు గొట్టముల గుండ్లును ఒకే చోట తగులునట్లు వాటిని సరిచేసి అతికింతురు. ఆ సరి ఒక నిర్ణీతమైన బరువునకు, వేగమునకు మాత్రమే నిలుచును. అందుచేతనే .470 తుపాకుల గొట్టములపై కార్డైటు 75 గ్రెయిన్లు, గుండు 500 గ్రెయిన్లు అను పరీక్షాముద్ర కానవచ్చును. తుపాకి తనకేమి కావలయునో తన ఒంటిమీదనే వ్రాసికొన్నది. ఆ వ్రాతను మన్నింపనివానికి రెండు గొట్టములు రెండు దారులు చూపును.

సామ్రాజ్యము పోయినది, పెద్దవేట తగ్గినది, కైనాక్ వారికి గిరాకి పడిపోయినది. 1970 ప్రాంతమునకు ఆ పెద్ద బోరుల తూటాల తయారీ నిలిచిపోయినది. తుపాకులు మాత్రము చెడలేదు. మంచి ఉక్కు, మంచి పనితనము. తూటా లేని తుపాకి నూనె లేని దీపమువంటిది. అపుడు ఆ తుపాకుల సొంతదారులు ఏమి చేసినారు? ఏ విద్యకు భయపడి వారి తాతల ప్రభుత్వము ఆ బోరులను కల్పింపజేసినదో, ఆ చేతినింపునే వారు నేర్చుకొన్నారు. ఎవరు త్రవ్విన గోతిలో వారే పడుదురన్న మాట ఇక్కడ అక్షరాల నిజమైనది. విచిత్రమేమనగా, 1956లో అమెరికాలో వించెస్టరు సంస్థ .458 మాగ్నమ్ అను తూటాను తెచ్చుటతో ఆ వెడల్పు గుండ్లు ఎచ్చటనైనను దొరకసాగినవి. నిషేధింపబడిన పాత .450 గుండు వెడల్పు కూడ .458 అంగుళమే. నిషేధమునకు గురియైన తుపాకి సుఖపడినది. దానికి బదులుగా పుట్టిన తుపాకులే పస్తు పడినవి.

ఆ కరవులోనే పాత గుండ్ల సేకరణకు విలువ హెచ్చినది. కైనాక్ వారి ఎరుపు పసుపు పెట్టెలలోని పాత తూటాలలో టోపి చల్లబడియుండును, కార్డైటు నమ్మదగినది కాదు. గుండు మాత్రము చెడదు. దానిని ఊడదీసి దాచుకొనుట పరిపాటియైనది. నేర్పరి దానిని మూడు విధముల పరీక్షించును. మొదట మైక్రోమీటరుతో చుట్టును రెండు మూడు చోట్ల కొలుచును. వెయ్యింట రెండు భాగముల తేడా యున్నను ప్రక్కకు పెట్టును. పిదప తూచును. తరువాత అయస్కాంతము చూపును. పూర్తి తొడుగు గుండ్లలో చాలవాటికి నికెలు పూత క్రింద ఉక్కు యుండును, అవి అంటుకొనును. ముక్కువద్ద సీసముపై తెల్లని పొడి పట్టినదా యని చూచుటయు కలదు. ఇత్తడి గొట్టముల విషయములోను ఒక చిక్కు కలదు. ఇంగ్లీషువారి వేట తూటాలకు బెర్డాన్ అను అమెరికనుని పద్ధతి టోపి, అమెరికా తూటాలకు బాక్సర్ అను ఆంగ్లేయుని పద్ధతి టోపి వాడుకలోనికి వచ్చినవి. బాక్సర్ టోపిని తేలికగా పొడిచి తీయవచ్చును. బెర్డాన్ టోపి తీయుట కష్టము. కాబట్టి అమెరికాలో ఇంటింటను చేతినింపు వర్ధిల్లినది, ఇంగ్లాండులో అంతగా వ్యాపింపలేదు.

అమెరికాలో 1932లో ఫ్రెడ్ బార్న్స్, 1949లో జాయిస్ హార్నడీ గుండ్ల తయారీని వృత్తిగా ఆరంభించినారు. ఆ దేశపు బోరులకును కరవు తప్పలేదు. 1904లో వచ్చిన .405 వించెస్టరు అట్టిది. ఆ పేరు తెలుగువారికి కొంత సన్నిహితమైనది. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయలో నరభక్షకమైన పులిని వెంటాడిన వృత్తాంతమును 1954లో వెలువడిన తన గ్రంథములో వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఎల్లప్పుడును ఉండినది ఆ తుపాకియే. దాని తూటాలు మధ్యకాలమున అంగళ్ళనుండి మాయమైనవి. ఈ శతాబ్దారంభమున హార్నడీ వారు మరల చేయువరకు చేతినింపువారే దానిని బ్రతికించినారు. ఆస్ట్రేలియాలో వుడ్లీ అను సంస్థ పాత కైనాక్ గుండ్ల ఆకృతిని అనుసరించి క్రొత్త గుండ్లను పోసినది. పాత గుండ్లను ఎవరో దాచియుంచుటచేతనే ఆ ఆకృతి తెలిసినదని మరువరాదు.

మన దేశములో ఈ పరిస్థితి వేరు. సైన్యపు .303 బోరు పౌరులకు నిషిద్ధమగుటచే మన ప్రభుత్వ కర్మాగారములు వేటకు .315 తుపాకిని చేసి అమ్మినవి. బోరును చూచి భయపడు ఆచారము స్వాతంత్ర్యముతో పోలేదు. 1959నాటి ఆయుధముల చట్టము ప్రకారము తూటా భాగములును, తూటాలు చేయు యంత్రములును తూటాలతో సమానమే. లైసెన్సు లేక వాటి జోలికి పోరాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేటకు తెర దించినది. పులి కోసము పోసిన గుండు మిగిలినది. పులి మిగులునో మిగులదో యన్న దిగులు ఆ చట్టమునకు కారణమైనది. ఇందులో విచారింపవలసినది లేదు. ఒకనాడు దివాణముల గోడలపై తలలు పెరుగుటను ఘనతగా ఎంచినాము. అడవిలో అడుగుజాడలు పెరుగుటయే నేడు ఘనత.

ఇంతకును పాత గుండును దాచవలెనా, కాల్చవలెనా? సేకరించువారిలో ఈ తగవు ఎన్నడును తీరలేదు. కాల్చినచో ఒక సాక్ష్యము తగ్గును. కాల్చకున్న తుపాకి గొంతు ఎట్లుండెనో ఎవరికిని తెలియదు. మా అభిప్రాయమున క్రొత్త గుండ్లు దొరకుచున్న నేడు గురిబల్లకు క్రొత్తవి చాలును. పాతవి పెట్టెలో నిలుచుటయే మేలు. వాటి ముక్కులో డమ్ డమ్ వివాదము కలదు, తొడుగులో రూబిన్ ప్రయోగము కలదు, వెడల్పులో ఒక ప్రభుత్వము తన ప్రజలయెడ పెంచుకొన్న అనుమానము కలదు. .458కును .474కును నడుమనున్న తేడా అంగుళములో వెయ్యింట పదునారు భాగములు మాత్రమే. ఆ స్వల్పమైన దూరములో ఇంత చరిత్ర ఇమిడినదని తెలిసికొనుటకు గుండును పేల్చ నవసరము లేదు, కొలిచిన చాలును.