ఆడు, అడుగు, మెట్టు – తంజావూరు సీమ తెలుగువారి మాటలు

నాయకరాజులు 1532 మొదలు 1673 వఱకు తంజావూరు నేలిరి. వారి కొలువున తెలుగు యక్షగానము వర్ధిల్లినది. పిదప మరాఠా ప్రభువైన శాహజీ (1684–1712) సైతము తెలుగున యక్షగానములు రచించెను. మేలట్టూరు భాగవతులు నేటికిని నృసింహజయంతి యుత్సవమున వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకముల నాడుచున్నారు. ఇట్లు ఆటపాటలతో నిలిచిన భాషలో ఆటకును అడుగునకును సంబంధించిన మాటల యర్థము లెంత విస్తృతములో చూతము.

‘ఆడు’ నృత్యమునకే పరిమితము కాదు. పిల్లలు బంతి యాడుదురు, నర్తకి నాట్యమాడును, సత్యవంతుడు నిజమాడును, గాలికి ఆకు లాడును, గానుగ యాడును, ఊపిరి యాడును, వరుడు వధువును పెండ్లాడును. తమిళమునను ‘ఆడు’ కలదు. ఆట, నృత్యము, ఊగుట దాని యర్థములు. కాని తమిళమున ‘నీరాడు’ అనగా స్నానము చేయుట. మనకు ‘నీళ్లాడుట’ ప్రసవించుట. మూల మొక్కటియైనను వాడుక వేఱైనచో అర్థము వేఱగును.

‘అడుగు’ అనగా పాదము, పాదన్యాసము, 12 అంగుళముల కొలత, కుండ క్రింది భాగము. తమిళ కన్నడముల ‘అడి’ దీని జ్ఞాతియే. తమిళమున పద్యపాదమును ‘అడి’యే. ప్రశ్నించుట యను నర్థముగల ‘అడుగు’ మాత్రము రూపమున నొక్కటియే గాని వేఱు మాట. సంస్కృతమునుండి వచ్చిన ‘పదము’ పాదమును, మాటను, క్షేత్రయ్య రచనలవంటి గేయమును దెలుపును. భరతనాట్య కచేరీలలో నట్టి పదముల నేటికిని అభినయించుచున్నారు.

‘మెట్టుట’ కాలు మోపుట. దానినుండియే సోపానమునకు మెట్టు, కాలివ్రేలి యాభరణమునకు మెట్టె, వధువు కాలిడిన యింటికి మెట్టినిల్లు అను పేళ్లు వచ్చినవి. వీణకు 24 మెట్లు. తమిళులు పాట వరుసను గూడ ‘మెట్టు’ అందురు.

2006 నాటి చట్టముచే తమిళనాటి పాఠశాలలలో తమిళము తప్పనిసరియైనది. అది యీ నేల భాష. మన బిడ్డలు దానిని చక్కగా నేర్వవలసినదే. అయితే తెలుగునకు మిగిలిన కొలది గంటలలో మాట కొక్క యర్థము మాత్రమే నేర్ప వీలగుచున్నది. మేడమెట్టు మాత్రమే యెఱిగిన బిడ్డకు మెట్టినిల్లు బోధపడదు. మాట నోట నిలిచియుండగనే దాని యర్థము లొక్కొక్కటిగా జారిపోవుటను తరగతిలో నిత్యము చూచుచున్నాము. ఈ యర్థములు పుస్తకమునకంటె ముందు అవ్వల నోట బ్రతికినవి. కావున ఇంట తెలుగు మాటాడుట మానవలదని పెద్దలకు మా మనవి.