ఏడేళ్ల ఏక పదవీకాలం ఉండి ఉంటే: మంగళగిరి నుంచి అమరావతిపై ఒక ప్రత్యామ్నాయ చరిత్ర పరిశీలన

సారాంశం

పాలకుడికి రెండోసారి పోటీ చేసే అవకాశం తీసేసి, బదులుగా ఒకే ఒక సుదీర్ఘ పదవీకాలం ఇస్తే పెద్ద నిర్మాణాలు మధ్యలో ఆగవన్న వాదం అమెరికాలో చాలా కాలంగా ఉంది. ఆ వాదాన్ని ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతికి అన్వయించి పరీక్షిస్తుంది. 2014లో ఏర్పడిన ప్రభుత్వానికి ఏడేళ్ల గడువు ఉన్నా రాజధానికి భూమి ఇచ్చిన రైతుకు పూర్తి రక్షణ దొరికేది కాదనీ, భూమి ఇవ్వనన్న రైతు మాత్రం తన ఓటును రెండేళ్లు ఆలస్యంగా వేయాల్సి వచ్చేదనీ దీని వాదన.

1. వాదం, దాని అనుభవం

1787 ఫిలడెల్ఫియా రాజ్యాంగ సభలో అధ్యక్షుడికి ఏడేళ్ల ఏక పదవీకాలం అన్న ప్రతిపాదన గట్టిగానే నడిచింది. చివరికి నాలుగేళ్ల గడువు, మళ్లీ ఎన్నికయ్యే వీలు ఖాయమయ్యాయి. 1829లో ఆండ్రూ జాక్సన్ ఏక పదవీకాలాన్ని కోరాడు. 1913 ఫిబ్రవరిలో ఆరేళ్ల ఏక పదవీకాల సవరణను సెనేట్ ఆమోదించినా అది ప్రతినిధుల సభ దాటలేదు. వుడ్రో విల్సన్ దాన్ని వ్యతిరేకించాడు. ప్రజల మనిషికి ఆ గడువు చాలదు, ప్రజల మనిషి కానివాడికి అది మరీ ఎక్కువ అన్నది ఆయన అభ్యంతరం.

రాజధానుల చరిత్రలో ఈ వాదానికి అనుకూలంగానూ ప్రతికూలంగానూ ఉదాహరణలున్నాయి. బ్రెజిల్‌లో వెంటనే మళ్లీ పోటీ చేసే వీలులేని కుబిషెక్ 1956లో అధ్యక్షుడై, ఐదేళ్ల గడువు తీరకముందే, 1960 ఏప్రిల్ 21న కొత్త రాజధాని బ్రసీలియాను ప్రారంభించాడు. దక్షిణ కొరియాలోనూ అధ్యక్షుడిది ఐదేళ్ల ఏక పదవీకాలమే. అక్కడ రో మూ హ్యూన్ తలపెట్టిన రాజధాని మార్పును 2004లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. మరుసటి ఏడాది పరిపాలనా నగరం పేరిట కొత్త చట్టం వచ్చింది. తర్వాతి అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్ ఆ ప్రణాళికను మార్చబోతే 2010లో జాతీయ సభ ఒప్పుకోలేదు. 2012లో ఆ పరిపాలనా నగరం సేజోంగ్‌గా అవతరించింది. అక్కడ పథకాన్ని నిలిపింది పదవీకాలం కాదు, చట్టసభ.

సుదీర్ఘ గడువు మనకూ కొత్త కాదు. 42వ రాజ్యాంగ సవరణ శాసనసభల గడువును ఆరేళ్లు చేసింది. 44వ సవరణ తిరిగి ఐదేళ్లకు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1972 మార్చి ఎన్నికల తర్వాత మళ్లీ ఎన్నికలు 1978 ఫిబ్రవరిలోనే జరిగాయి. ఆ ఆరేళ్లలో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది, పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది, ఆపై జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యారు. సభ ఆరేళ్లు ఉన్నంత మాత్రాన పాలన నిలకడగా సాగలేదు.

2. పద్ధతి

ప్రత్యామ్నాయ చరిత్రలో ఒక్క అంశాన్నే మార్చి, మిగతావన్నీ జరిగినట్టే ఉంచాలి. ఇక్కడ మార్చేది గడువు మాత్రమే: 2014 జూన్‌లో నారా చంద్రబాబు నాయుడు నాయకత్వంలో ఏర్పడిన ప్రభుత్వానికీ, ఆ శాసనసభకూ ఏడేళ్లు, ముఖ్యమంత్రికి మళ్లీ పోటీ లేదు. అంటే 2019 ఎన్నికలు 2021లో జరుగుతాయి.

3. భూసమీకరణ ఒప్పందం వైపు నుంచి

రాష్ట్ర విభజన చట్టం 2014లోని 5వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రాజధాని ఉంటుందని చెప్పింది కాని, ఎక్కడో చెప్పలేదు. స్థల నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది, అది అమరావతిని ఎంచుకుంది. 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్డీఏ) చట్టం, 2015లో భూసమీకరణ, అదే ఏడాది అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగాయి. సుమారు 34 వేల ఎకరాలు సమీకరణలోకి వచ్చాయి. మంగళగిరి మండలంలోని నిడమర్రు, కురగల్లు, కృష్ణాయపాలెం, నవులూరు, ఎర్రబాలెం, బేతపూడి ఆ పరిధిలోవే.

భూమికి బదులుగా రైతుకు రాసిచ్చిన హామీ ఇది: మెట్ట ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు (ఏడాది పొడవునా పండే నదీతీర) ఎకరాకు 1,000 గజాలు, 450 గజాలు. వీటితోపాటు మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేల రూపాయల వార్షిక కౌలు, ఏటా పది శాతం పెంపుతో, పదేళ్లపాటు.

ఈ పదేళ్లే కీలకం. ఐదేళ్ల గడువున్న ప్రభుత్వం పదేళ్ల మాట ఇచ్చింది. మన ఊహలోని ప్రభుత్వానికి ఏడేళ్లున్నా 2021లో దిగిపోతుంది; కౌలు బాధ్యత 2025 దాకా సాగుతుంది. అదనంగా దొరికిన రెండేళ్లలో రోడ్లు, సచివాలయ భవనాలు మరికొన్ని లేచేవి, వెనక్కి వెళ్లే ఖర్చూ పెరిగేది. అయినా మిగతా నాలుగేళ్ల బాకీ తర్వాతి ప్రభుత్వం ఇష్టాయిష్టాల మీదే ఉండేది.

నిజ చరిత్రలో 2019 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది; డిసెంబరు 17న కొత్త ప్రభుత్వం నుంచి మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చింది. రైతుల ఆందోళన మొదలైంది. మూడు రాజధానుల కోసం 2020లో చేసిన చట్టాలను 2021 నవంబరులో ప్రభుత్వమే రద్దు చేసుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు రైతులతో చేసుకున్న ఒప్పందాన్ని ఎత్తిపట్టింది. నగరాన్ని గడువులోగా నిర్మించాలన్న ఆదేశాలపై సుప్రీంకోర్టు తర్వాత స్టే ఇచ్చినా, రైతు చేతిలో మిగిలిన బలం ఆ ఒప్పంద పత్రమే.

4. ఓటు వైపు నుంచి

కృష్ణ ఒడ్డున ఉండవల్లి, పెనుమాకల్లో జరీబు భూములున్నాయి. నీరు పైనే అందుతుంది. కూరగాయలు, అరటి, పూలు ఏడాది పొడవునా పండుతాయి. అక్కడ చాలామంది సమీకరణకు ఒప్పుకోలేదు. ఈ రెండు ఊళ్లూ మంగళగిరి నియోజకవర్గంలోనివే. 2019లో ఇక్కడ సమీకరణను కోర్టుల్లో ఎదిరించిన ఆళ్ల రామకృష్ణారెడ్డి ఐదు వేలకు పైగా ఆధిక్యంతో చంద్రబాబు కుమారుడు నారా లోకేశ్‌పై గెలిచారు. 2024లో లోకేశ్ 91 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఈ రెండు తీర్పులూ రాజధాని ఒక్కదానిపైనే అనలేం. అయినా భూమి ఇవ్వనన్న రైతుకు 2019లోనూ, ఇచ్చి నష్టపోయిన రైతుకు 2024లోనూ ఓటుతో మాట చెప్పుకునే అవకాశం దొరికింది. ఏడేళ్ల గడువులో మొదటివాడు 2021 దాకా, రెండోవాడు 2028 దాకా ఆగాలి.

5. ఎయిమ్స్: పోలికకు ఒక కేసు

మంగళగిరి కొండ పక్కనే ఉన్న ఎయిమ్స్‌కు విభజన చట్టం 13వ షెడ్యూల్ ఆధారం. 2015 డిసెంబరులో శంకుస్థాపన, 2018లో తొలి ఎంబీబీఎస్ బ్యాచ్, 2019 మార్చిలో ఓపీ సేవలు, 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం. రాష్ట్రంలో ప్రభుత్వం మారినా పని ఆగలేదు. నిధులూ నిర్వహణా కేంద్రానివి కాబట్టి రాష్ట్రంలోని ఎన్నికల గాలి దాన్ని తాకలేదు. అదే ప్రాంతం, అవే ఏళ్లు. ఒక పని సాగింది, మరొకటి ఆగింది. తేడా చట్టంలోనూ నిధుల్లోనూ ఉంది.

ముగింపు

పెద్ద పని పూర్తికావడానికి పాలకుడికి కాలం కావాలన్న మాట నిజమే. బ్రసీలియా అందుకు సాక్ష్యం. కాని సొంత భూమి పణంగా పెట్టిన రైతుకు కావలసింది పాలకుడి కాలం కాదు, తన ఒప్పందం గడువంతా నిలిచే పూచీ. పదేళ్ల మాట ఇచ్చే ప్రభుత్వం ఆ పదేళ్ల డబ్బునూ, ప్లాట్ల అభివృద్ధి ఖర్చునూ ముందే ప్రత్యేక నిధిలో కట్టాలి. దాన్ని వేరే పనికి మళ్లించకుండా చట్టం కాపలా కాయాలి. ఐదేళ్ల ఎన్నికను అలాగే ఉంచాలి. గడువు పెంచితే పాలకుడికి మేలు జరగవచ్చు. పూచీ రాసి, నిధి కట్టి, ఓటును కాపాడితే భూమి ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ న్యాయం జరుగుతుంది.