గుట్టకూ చెరువుకూ నడుమ ఖైరతాబాదు

చిన్నప్పుడు బడిలో భూగోళం పాఠం ఒకటి ఉండేది. జనం ఎక్కడ ఎక్కువగా ఉంటారు, ఎందుకుంటారు అని మాస్టారు అడిగితే నీరు, నేల, ఎత్తుపల్లాలు, వాతావరణం, రాకపోకల సౌకర్యం అని వరసగా అప్పజెప్పేవాళ్ళం. ఈజిప్టు జనమంతా నైలునది ఒడ్డున ఎందుకు చేరారో రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అదే పాఠం నేను రోజూ నడిచే దారిలో ఉందని చాలా ఏళ్ళ దాకా గమనించలేదు.

ఆ దారి నాంపల్లి నుండి ఖైరతాబాదుకు. బస్సులో కూర్చుంటే తెలియదు, నడిస్తే కాళ్ళకు తెలుస్తుంది. నాంపల్లి నుండి లక్డీకాపూల్ వైపు నేల మెల్లగా లేస్తుంది. అక్కడి నుండి ఖైరతాబాదుకు దిగుతుంది. దాన్ని దాటి ఎర్రమంజిల్ వైపు పోతే మళ్ళీ మిట్ట. నడుమనున్న మిట్టకు దక్షిణాన పడిన వాన మూసీకి, ఉత్తరాన పడినది హుస్సేన్ సాగరుకు చేరుతుంది. ఈ ఊళ్ళో ఎవరెక్కడ ఉండాలో చాలావరకు తేల్చినది ఈ వాలే అని నా అభిప్రాయం.

గోల్కొండ కోట గుట్ట మీదిది. శత్రువుకు అందదు, కానీ జనం పెరిగేకొద్దీ చోటూ చాలదు, నీళ్ళూ చాలవు. 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టాక నది దాటడం సులువైంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా అవతలి ఒడ్డున, చదును నేల మీద హైదరాబాదును కట్టించాడు. అంతకు ముందే, 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగరు తయారైంది. దానికి మూసీ నీటిని తెచ్చి నింపడానికి బల్కాపూర్ కాలువ తవ్వారు. ఆ కాలువ చెరువులో కలిసే దిక్కునే, కుతుబ్ షాహీ వంశపు ఖైరున్నీసా బేగం పేరు మీద ఖైరతాబాదు వెలసింది. ఆమె కట్టించిన మసీదు నేటికీ ఉన్నది.

నీరు జనాన్ని పిలుస్తుంది. ఒక్కొక్కసారి పిలిచి ముంచుతుంది కూడా. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నది ఒడ్డున ఇళ్ళు ఎక్కడ చిక్కగా ఉన్నాయో అక్కడే చావులూ ఎక్కువయ్యాయి. సుమారు 15 వేల మంది పోయారని లెక్క. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఆ పైన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ నాంపల్లి వంటి చోట్ల ఇరుకు బస్తీలను తొలగించి కొత్త ఇళ్ళు కట్టించింది. నది మీది భయం కూడా తోడై, ఊరు ఉత్తరానికి జరిగింది.

ఉత్తరాన అప్పటికే సికింద్రాబాదు కంటోన్మెంటు ఉన్నది. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1907లో నాంపల్లి స్టేషను కట్టారు. బేగంపేట నుండి నాంపల్లికి వచ్చే పట్టాలను చూడండి: రాతిగుట్టలను తప్పించుకుంటూ, చెరువు పడమటి అంచున, ఖైరతాబాదు మీదుగా వస్తాయి. నీరు వెతుక్కున్న వాలునే రైలూ వెతుక్కున్నది. రైలు వెంట కూలి, కూలి వెంట బస్తీ.

మరి గుట్టలో? కోట్ల ఏళ్ళ నాటి నల్లరాయి, బావి తవ్వితే నీరు పడదు. అందుకే బంజారా హిల్స్ చాలాకాలం పొదలకే పరిమితమయింది. మెహదీ నవాజ్ జంగ్ ఆ బండల నడుమ ఇల్లు కట్టుకున్నాడు. 1933లో రవీంద్రనాథ్ టాగూరు అక్కడే బస చేశారు. తరువాత గొట్టాల్లో నీరు, కారుకు రోడ్డు వచ్చాక అదే రాయి ఖరీదైపోయింది. జనాన్ని దూరం పెట్టిన ఎత్తు, ఇప్పుడు డబ్బులేని జనాన్ని మాత్రమే దూరం పెడుతున్నది.

2011 జనగణన ప్రకారం హైదరాబాదు జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల పైచిలుకు మంది. తెలంగాణ ప్రాంతమంతటికీ చూస్తే మూడు వందల పైచిలుకే. కానీ ఆ 18 వేలు సగటు. గుట్ట మీది పెద్ద తోటనూ, పల్లంలోని ఒంటిగది ఇంటినీ కలిపి భాగించిన సంఖ్య.

పల్లం అంటే ఏమిటో నాకు చింతల్ బస్తీలో తెలిసింది. బల్కాపూర్ కాలువ ఇప్పుడు ఆ బస్తీ పక్కన పారే మురికినాలా. వానాకాలంలో ఒకసారి తెలిసినవారి ఇంటికి వెళితే, బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డు అన్నీ అటక మీదున్నాయి. పైన ఎందుకు పెట్టారమ్మా అని ఇంటావిడను అడిగాను.

"నీళ్ళొస్తయ్ గద సారూ."

"మరి వేరే చోట చూసుకోరాదా?"

"పని ఈడనే ఉన్నది. ఎత్తు మీద కిరాయి మాకందుతదా?"

నా భూగోళం పాఠంలో లేని కారణం అది. 2000 ఆగస్టులో ఒక్కరోజు 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరులో 19 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు నీరు తన పాత దారిని మరిచిపోలేదు. నాలాల పక్క పల్లాలనే వెతుక్కుంటూ వచ్చింది. 1908లో మూసీ ఒడ్డు నుండి జనం తప్పుకున్నారనుకున్నాము. పల్లం మారింది గానీ, పల్లంలో ఉండేవాళ్ళ బతుకు మారలేదు.

ఈసారి మీరు లక్డీకాపూల్ నుండి ఖైరతాబాదుకు వస్తే, వీలైతే నడిచి రండి. వాన పడుతుంటే మరీ మంచిది. కాళ్ళ కింద నీరు ఎటు పోతున్నదో చూస్తే, దాని చివర ఎవరున్నారో తెలుస్తుంది.