గాలివాన వేరు, ఉప్పెన వేరు



కార్తీకమాసం వచ్చిందంటే కృష్ణా, గోదావరి డెల్టాలలో రైతుకు రెండు చూపులు. ఒకటి చేనువంక, రెండవది ఆకాశంవంక. గింజ గట్టిపడి, కోతకు కొడవళ్లు నూరుకునే రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. మన తీరాన్ని దెబ్బతీసిన పెద్ద తుఫానుల తేదీలు చూడండి: 1864 నవంబరు 1, 1977 నవంబరు 19, 1996 నవంబరు 6. యిల్లు విడిచి పొమ్మని కబురు వచ్చేసరికి రైతు కాళ్లు చేలోనే వుంటాయి. యీ సంగతి మరిచి అతనికి జాగ్రత్తలు చెబితే చెవిన పడవు.

మన భాషలో గాలివాన అనే మాట వుంది, ఉప్పెన అనే మాట వుంది. రెండూ వొకే తుఫాను కడుపున పుట్టినవే గాని, రెండూ వొకటి కావు. గాలివాన కప్పు యెగరగొడుతుంది, చెట్టు కూలుస్తుంది. ఉప్పెన అంటే సముద్రమే లేచి వూళ్లోకి రావడం. గాలివానకు గట్టి యింట్లో వుండి తలుపు బిగించుకోవడం తెలివైన పని. ఉప్పెన వచ్చేచోట అలా తలుపు బిగించుకుంటే బయటపడే దారి వుండదు. కోస్తా చరిత్ర తిరగేస్తే, మనవాళ్లు యెన్నోసార్లు ఉప్పెనకు గాలివాన మందే వేసుకున్నారని నాకు తోస్తుంది. దానికి తప్పు వాళ్లది కాదు. చెప్పేవాళ్లు లేకపోయారు.

కాకినాడ దగ్గర కోరంగి రేవు సంగతి కొందరు వినే వుంటారు. 1789 డిసెంబరులో అక్కడికి మూడు పెద్ద కెరటాలు వొకదాని వెనుక వొకటి వచ్చాయి. ఆ కథను తర్వాత పరిశీలించినవాడు కలకత్తాలో వుండిన హెన్రీ పిడింగ్టన్. 1848లో ఆయన నావికులకోసం అచ్చువేసిన పుస్తకంలోనే ‘సైక్లోన్’ అనే పేరు పెట్టాడు. గ్రీకు భాషలో పాము చుట్టను సూచించే మాటనుంచి తీసుకున్నాడు, గాలి చుట్టలు తిరుగుతుంది గనుక. మంచి పేరే. కాని అది వోడ నడిపేవాడికి వుపయోగపడింది. గట్టుమీద గుడిసె వేసుకున్నవాడికి కబురు చెప్పే యేర్పాటు అప్పటికి లేదు.

అందుకే 1864లో బందరు మునిగింది. ఉప్పెన రాత్రివేళ వచ్చింది. నీరు మామూలు పోటుకంటే 13 అడుగులు పైకి లేచి, కొన్నిచోట్ల 17 మైళ్ల దూరం లోపలికి పోయింది. 30,000 మంది పోయారని లెక్క. అంతకు నెల కిందటే, అక్టోబరు 5న, కలకత్తాకూ యిటువంటి దెబ్బే తగిలింది. ఆ తర్వాతనే 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు మొదలైనాయి, 1875లో భారత వాతావరణ శాఖ యేర్పడింది.

సముద్రం యెందుకు లేస్తుంది? మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. తుఫాను గాలి రోజుల తరబడి నీటిని తోసుకు వస్తే, ఆ నీటికి కిందికి పోయే చోటు లేక గట్టెక్కుతుంది. దానికి అమావాస్య, పౌర్ణమి పోటు తోడైతే మరీ యెక్కువ. యింకొక ముక్క గుర్తుంచుకోండి. మన దిక్కున తుఫాను గాలి గడియారం ముల్లుకు యెదురుగా తిరుగుతుంది. అందువల్ల తూర్పు తీరంలో, తుఫాను గట్టెక్కే చోటికి వుత్తరాన వున్న వూళ్లమీదికి గాలి సముద్రంనుంచి వీస్తుంది. నీరు వచ్చేది అక్కడికే. ‘తుఫాను ఫలానా వూరి దగ్గర దాటుతుందట, మనకేం’ అనుకోకూడదు.

1977లో జరిగింది యిదే. తుఫాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. నీరు మాత్రం దానికి వుత్తరాన, కృష్ణ పాయల నడుమ వున్న దివిసీమను ముంచింది. వారం కిందటే, నవంబరు 12న, మరొక తుఫాను దూరాన నాగపట్నం దగ్గర దాటిపోయింది. యిదీ అలాగే పోతుందని యెవరైనా అనుకుంటే ఆశ్చర్యపడవలసింది లేదు. శనివారంనాడు గాలి హోరు పెరిగింది. జనం పిల్లలతో యిళ్లలోకి చేరారు. సాయంత్రానికి సుమారు 18 అడుగుల యెత్తున నీరు వచ్చిపడింది. మట్టిగోడ యెంతసేపు నిలుస్తుంది? నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల పల్లెలు తుడిచిపెట్టుకు పోయినాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు చెబితే యిప్పటికీ ఆ సీమవాళ్లు కాసేపు మాట్లాడరు. చనిపోయినవారు సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10,000. తాటిచెట్టును కరుచుకున్నవాళ్లు, డాబా యెక్కినవాళ్లు కొందరు మిగిలారు.

తర్వాత స్తంభాలమీద తుఫాను షెల్టర్లు కట్టారు, తీరం వెంట సరుగుడు నాటారు. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుఫానే కృష్ణ ముఖద్వారం దగ్గరికి వచ్చింది. ఆసారి లక్షన్నరకు పైగా జనాన్ని ముందుగానే తరలించారు. పోయినవారు 967. అదీ తక్కువేమీ కాదు. కాని పదివేల పక్కన పెట్టి చూడండి. గాలి తగ్గలేదు, జనం ముందే కదిలారు. 1996లో కోనసీమలో మళ్లీ వెయ్యిమందికి పైగా పోయారు. వేటకు పోయిన మత్స్యకారులు అందులో యెందరో. లక్షలాది కొబ్బరిచెట్లు కూలాయి.

యిక మన యింటి సంగతి. యిప్పుడు తుఫాను కబురు మూడు రోజుల ముందునుంచే వస్తుంది. తీరం దాటేందుకు 48 గంటల ముందు వొక హెచ్చరిక, 24 గంటల ముందు మరొకటి. మొదటి కబురు వినగానే పూరిల్లయితే కప్పుమీదుగా మోకులు వేసి గుంజలకు కట్టండి. కోసిన వరి పనలమీద వుంటే కుప్ప వేయండి. విత్తనాలు డబ్బాలో పోసి, పాసు పుస్తకం, రేషను కార్డు కలిపి మైనపు గుడ్డలో చుట్టి మూట కట్టండి. రెండవ కబురుకు ఆ మూటతో, ముసలివాళ్లతో, పిల్లలతో షెల్టరుకో మెరకమీది డాబాకో పగలుండగానే చేరాలి. చీకటిపడ్డాక, గాలి లేచాక కదలడం కష్టం. ఆడవాళ్లు ‘పొయ్యిమీద అన్నం వుంది, తిని పోదాం’ అంటారు. అన్నం గిన్నెతో సహా పట్టుకుపొండి.

వున్నట్టుండి గాలి ఆగిపోతే వెళ్లిపోయిందనుకుని బయటికి రావద్దు. అది తుఫాను కన్ను. కాసేపటికి యెదురు దిక్కునుంచి మళ్లీ కొడుతుంది.

పశువుల మాట చివరికి వుంచాను, యెందుకంటే రైతు యింటిదగ్గర ఆగేది వాటికోసమే. గొడ్డును గుంజకు కట్టి వదలకండి. వీలుంటే ముందురోజే మెరకకు తోలండి. లేదంటే పలుపు విప్పేయండి. కట్టు లేని గొడ్డు యీదగలదు. కొమ్ములకు రంగు పూసి వుంచితే తర్వాత వెతుక్కోవడం సులువు. ఉప్పెన తీసిన చేలో నిలిచిన వుప్పునీరు ముందు బయటికి పంపి, కాలువనీరు పెట్టి రెండు మూడుసార్లు కడగండి. తర్వాత జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నండి.